కాలరు మీది చెయ్యి

కరువు వీరుడు ఎర్రప్పగారి కంచు విగ్రహాన్ని కుందుర్పి దగ్గర మా ఊళ్లో ఘనంగా ఆవిష్కరించారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. విగ్రహం అచ్చు గుద్దినట్టుంది. రెండు కాళ్లు, ఒక మీసకట్టు, మూడు చేతులు.

మూడో చెయ్యి ఏ పార్టీదీ కాదు. పుకార్లు నమ్మవద్దు.

ఎర్రప్పగారి పడుచు వయసు ఫోటో ఊరి మొత్తానికి ఒక్కటే ఉండేది, కదిరమ్మ ఇంటి గోడకు. వెనకటి కరువులో గంజి కేంద్రం దగ్గర ఎవరో పేపరాయన తీసి ఇచ్చింది. అందులో ఎర్రప్పగారు గంజికని వచ్చిన జొన్నల బస్తాను సొంత బండికి ఎత్తిస్తున్నారు. కదిరమ్మ తల్లి నారాయణమ్మ ఆయన కాలరు పట్టుకుని ఉంది. నారాయణమ్మ జన్మలో దిగిన ఫోటో అదొక్కటే.

విగ్రహ కమిటీ అధ్యక్షుడు, ఎర్రప్పగారి మనవడు విజయభాస్కర్ స్వయంగా ఆ ఇంటికి విచ్చేశారు.

"రెండు దినాలు ఇయ్యవ్వా. రవ్వంత క్రాప్ చేసి తెచ్చిస్తాం."

అనంతపురం జిల్లాలో క్రాప్ అంటే వేరుశనగ. వేసేది, పోయేది. కదిరమ్మ ఫోటోకు అడ్డం వచ్చి నిలబడింది.

"క్రాపా? పోతాదేమోప్పా!"

"ఏం పోదులే."

పోయింది. బస్తా, బండి, గంజికి నిలబడిన జనం, నారాయణమ్మ, అందరూ కత్తెరకు పోయారు. చెయ్యి మాత్రం మిగిలింది. అది కాలరును ఎంత గట్టిగా పట్టుకుందంటే, దాన్ని కత్తిరిస్తే ఎర్రప్పగారి గొంతు తెగుతుంది.

శిల్పి నిజాయితీపరుడు. ఉన్నది ఉన్నట్టు పోతపోశాడు. మణికట్టు దాకా, గాజులతో సహా.

సభలో విజయభాస్కర్‌గారు గద్గద స్వరంతో ప్రసంగించారు. "అది ప్రజల చెయ్యి! మా తాతగారు పోతాంటే జనం పట్టుకొని ఆపినారు. వదల్లేకపోయినారు!" ఇందులో ఒక్క అక్షరమూ అబద్ధం లేదని ధ్రువీకరించడమైనది. చప్పట్లు మోగాయి.

అప్పుడు కదిరమ్మ లేచింది.

"ఏమప్పా, చేన్లో క్రాప్ పోతే సర్కారోళ్లన్నా వచ్చి చూసిపోతారు. మాయమ్మ పోయింది, ఎవురొచ్చి చూస్తారు? మిగిల్న ముక్క యాడ?"

కమిటీ దయామయం. చెత్తబుట్ట వెతికించి ముక్క అప్పగించింది. అందులో నారాయణమ్మ ఉంది, కుడిచెయ్యి లేదు.

కదిరమ్మ దిమ్మె ఎక్కింది. ముక్కను పైకెత్తి కంచు మణికట్టు పక్కన పెట్టింది.

"సూడండప్పా! ఈ చెయ్యి ఈయమ్మది. బస్తా దించేదాకా ఇడిసిపెట్టల్యా."

జనం సెల్‌ఫోన్లు ఎత్తారు. నిజం బయటపడిపోయిందని మీరు అనుకుంటే, అది మీ అమాయకత్వం. మాటలు ఫోటోలో పడవు.

తెల్లారేసరికి ఆ ఫోటో జిల్లా అంతా తిరిగింది. "కరువు వీరుడికి ఓ అవ్వ కన్నీటి నివాళి." చూడ్డానికి బాగుంటుందని ఎవరో కుడివైపు రవ్వంత క్రాప్ చేశారు. ముక్క ఉన్న వైపు.

ఆ ఫోటో మీకూ వచ్చింది. కింద దండం బొమ్మ పెట్టి, ఇంకో పదిమందికి పంపారు కదా?