దుప్పటి కింద కేక్

క్వీన్స్‌లాండ్ పడమటి మెట్టల్లో వాన రాని ఏడాది ఉంటుంది గానీ, వ్యవసాయ ప్రదర్శనలో కేకుల పోటీ ఐవీ గెలవని ఏడాది ఉండదు. మెర్ల్‌ది ఎప్పుడూ రెండో స్థానమే. గతుకుల మట్టిరోడ్డు మీద జీపులో వచ్చేసరికి ఆమె స్పాంజ్ కేక్ కాస్తా చతికిలబడేది. అందుకే ఆ ఉదయం కేక్ డబ్బాను ఒళ్ళో పెట్టుకుని, భర్త క్లారీ నడిపే బుల్లి విమానం ఎక్కింది. ఈసారి మొదటి బహుమతి నీలం రిబ్బను తనదే.

ప్రదర్శన మైదానం పక్కనే రన్‌వే. అక్కడికి చేరేసరికి అడ్డగాలి విసురు విసురుగా కొడుతోంది. కాసేపు పైనే చక్కర్లు కొట్టి, గాలి తగ్గాక దిగుదామన్నాడు క్లారీ.

"కేకులు తీసుకునే బల్ల పదింటికి మూసేస్తారు. దించు," అంది మెర్ల్.

దించాడు. ఒక చక్రం నేలను తాకిందో లేదో, గాలి రెక్క కిందికి దూరి విమానాన్ని ఎత్తి కుదేసింది. అది పక్కకు తిరిగి, కంచె తెంచుకుని, గడ్డిమోపుల్లో ముక్కు దూర్చి ఆగింది. ముందున్న పంకా వంకరపోయింది. మెర్ల్ రెండు చేతులూ మాత్రం డబ్బాతో సహా గాల్లోనే ఉన్నాయి. కేక్ చెక్కుచెదరలేదు.

అంబులెన్స్ వాళ్ళు స్ట్రెచర్‌తో పరుగెత్తుకొచ్చారు. తమకేం కాలేదని, కేక్‌ని కుదుపు లేకుండా మోయమని మెర్ల్ పురమాయించింది. ఈగలు ముసురుతున్నాయని తెల్లదుప్పటి కూడా కప్పించింది. క్లారీ ఆ వంకర పంకా దగ్గరే కూలబడిపోయాడు. మెర్ల్ కళ్ళు దుప్పటి మీద నుంచి తిప్పకుండా, తలవంచుకుని స్ట్రెచర్ వెనకాలే నడిచింది. దారిపొడవునా జనం సంతాపంగా టోపీలు తీసేశారు.

"అంత పొడుగు మనిషి క్లారీ, పాపం, మిగిలింది ఇంతేనా," అన్నాడొక గొర్రెల కామందు.

కేకుల డేరా వెనక మెర్ల్ డబ్బా తీసుకుని లోపలికి వెళ్ళింది. కబురు ఆమె కంటే ముందే చేరింది. ఐవీ వచ్చి వాటేసుకుని భోరుమంది.

"క్లారీ పోయిన రోజున నీతో పోటీ ఏమిటే! నా కేక్ తీసేస్తున్నాను."

మెర్ల్‌కి అప్పటికిగానీ సంగతి బోధపడలేదు. కాదని చెప్పబోయింది. జడ్జి చేతిలో నీలం రిబ్బను కనిపించింది. రుమాలు తీసి కళ్ళకు అద్దుకుంది.

ఐవీ కేక్ బల్ల దిగింది. జడ్జి గొంతు సవరించుకుని రిబ్బను ఎత్తాడు. సరిగ్గా అప్పుడే నెత్తినిండా గడ్డితో క్లారీ లోపలికొచ్చి, టీ ఎక్కడ పోస్తున్నారని అడిగాడు. ఐవీ అతన్ని చూసింది, మెర్ల్‌ని చూసింది, తన కేక్‌ని మళ్ళీ బల్ల మీద పెట్టింది. జడ్జి రెండూ రుచి చూశాడు.

సాయంత్రం ఎవరిదో లారీలో గతుకులు పడుతూ ఇంటికి వెళుతున్నారు. మెర్ల్ ఒళ్ళో రెండో బహుమతి ఎర్ర రిబ్బను. విమానం పాడుచేసినందుకు కోపమా అని క్లారీ భయంభయంగా అడిగాడు.

"విమానానికేంలే," అంది మెర్ల్. "ఇంకో ఐదు నిమిషాలు చచ్చి ఉండలేకపోయావా?"