వంతెన మీద గాజుమంచు

ఆ గురువారం మార్లిస్ హెగ్‌స్టాడ్ పెట్టుకున్న పనులు రెండే. ఒకటి, ఊరి బడులన్నిటినీ నడిపే హాల్వర్డ్ స్కూల్ డిస్ట్రిక్టు వార్తాపత్రం పూర్తి చేయడం. రెండు, సాయంత్రం బోర్డు సమావేశంలో తన ఉద్యోగం ఊడిపోకుండా చూసుకోవడం.

మొదటిదానికి పెద్దగా బుర్ర చించుకోనక్కర్లేదు. మూడో తరగతి పిల్లలు పెంచిన సీతాకోకచిలుకల్లో నాలుగు ఎగిరిపోయాయి, ఐదోది ఇంకా ఆలోచిస్తోంది. పరుగుపందెంలో హైస్కూలు అమ్మాయిలు పక్క ఊరి వాళ్లను ఓడించారు. చలికాలమంతా పిల్లలు పారేసుకున్న చేతితొడుగులు ముప్పై ఆరు తేలాయి, అందులో జత కుదిరినవి రెండే. ఇరవై ఆరేళ్లుగా ఆమె రాస్తున్నవి ఇలాంటి వార్తలే. చిన్నవే కావచ్చు, ఒక్కటీ అబద్ధం కాదు. యాపిల్ పై పోటీలో ఒక పిల్లకు వచ్చింది నాలుగో స్థానమా ఐదో స్థానమా అని తేల్చుకోవడానికి ముగ్గురు న్యాయనిర్ణేతల ఇళ్లకూ ఫోను చేసిన మనిషి ఆవిడ.

రెండో పనే కష్టం. కిందటేడు వేసవిలో బడులన్నిటికీ పెద్దగా పట్నం నుంచి దిగిన సూపరింటెండెంటు డాక్టర్ బ్రెంట్ కెస్లర్‌కు ఆమె ఉద్యోగం దండగనిపించింది. ఆయన రోగులను చూసే డాక్టరు కాడు, చదువుల శాస్త్రంలో డాక్టరేటు పుచ్చుకున్నవాడు. ఆ సంగతి ఊళ్లో ఎవరూ మరిచిపోకుండా ఆయనే చూసుకుంటాడు. ఈ రోజుల్లో డిస్ట్రిక్టు వార్తలు ఎవరూ చదవరనీ, ఇళ్లకు వెళ్లే ఫోను సందేశాలను ఎవరూ పూర్తిగా వినరనీ, ఆ మాత్రానికి మనిషెందుకు, కొత్తగా కొన్న, తనంతట తానే ఫోన్లు చేసే యంత్రం చాలదా అనీ ఆయన వాదన. సాయంత్రం సమావేశంలో ఏడో అంశం అదే. మార్లిస్‌కు అరవై ఒకటి. భర్త లేడు. ఆ ఊళ్లో ఆ వయసుకు దొరికే ఇంకో ఉద్యోగమంటే పెట్రోలు బంకులో రాత్రి పని ఒక్కటే. ఆమెకు నిజంగానే భయం వేసింది.

అందుకని ఉపాయం ఆలోచించింది. తన గొంతుతో వెళ్లే సందేశాన్ని జనం ఎలా వింటారో బోర్డు వాళ్ల ఎదుటే చేసి చూపించాలనుకుంది. ముందు ఒకసారి సాధన చేద్దామని తెల్లవారి ఆరింటికే ఆఫీసుకు వచ్చి, కాఫీ పెట్టుకుని, యంత్రం ముందు కూర్చుంది. అందులో పరీక్ష కోసం ముగ్గురి పేర్లతో చిన్న జాబితా ఉండేది: తాను, బస్సుల పెద్ద లైల్ బ్యోర్క్‌లండ్, వంటగది పెద్దావిడ. జనవరిలో రికార్డు చేసిన పాత సందేశం ఒకటి ఎంచుకుని మీట నొక్కింది. "రోడ్ల పరిస్థితి దృష్ట్యా ఈ రోజు అన్ని బడులూ రెండు గంటలు ఆలస్యంగా మొదలవుతాయి" అని దాని సారాంశం.

బల్ల మీది ఫోను మోగింది. సంచిలో సెల్‌ఫోను మోగింది. ఆ తర్వాత పక్క గదిలో మోగింది, దాని పక్క గదిలో మోగింది, కింద వ్యాయామశాలలో కూడా మోగింది. మార్లిస్ కళ్లజోడు సర్దుకుని తెర మీదికి వంగింది. ముగ్గురి జాబితా అక్కడ లేదు. ముందురోజే డాక్టర్ గారు పనికిరాని జాబితాలంటూ కొన్నింటిని ఊడ్చి పారేశారు, అందులో ఇదీ పోయింది. జాబితా కనబడకపోతే యంత్రం ఊరందరికీ పంపుతుంది. రెండువేల నూట నలభై ఇళ్లు. బయట చూస్తే ఆకాశంలో మచ్చుకు ఒక్క మబ్బు లేదు. చొక్కా చేతులు మడుచుకునేంత హాయిగా ఉంది ఏప్రిల్ పొద్దు.

తప్పు దిద్దుతూ ఇంకో సందేశం పంపుదామంటే కుదరదు. శుక్రవారం భోజనంలో చేప కాదు పిజ్జా అని కిందటి శరత్తులో ఆమె వెంటవెంటనే రెండు సందేశాలు పంపింది. అప్పటినుంచి రెండో సందేశానికి డాక్టర్ గారి రహస్య సంఖ్య తప్పనిసరి. ఆమె ఆయనకు ఫోను చేసింది, లైను ఖాళీ లేదు. మళ్లీ చేసింది, ఖాళీ లేదు.

లైను ఎందుకు ఖాళీ లేదంటే, బోర్డు అధ్యక్షుడు ఆర్విడ్ సోనెన్‌బర్గ్ ఆయన్ని నిద్రలేపాడు. ఆర్విడ్‌కు నూటపాతిక పాడి ఆవులు, వాటి పాలు పితకడం ఐదింటికే అయిపోతుంది. ఆ ప్రాంతంలో రోడ్లు బాగాలేని రోజున సూపరింటెండెంటు నాలుగున్నరకే లేచి, బస్సుల పెద్దను పక్కన కూర్చోబెట్టుకుని, పల్లె దారులన్నీ స్వయంగా తిరిగి చూసి నిర్ణయం చెప్పడం తరతరాల ఆచారం. "ఎక్కడ బాగాలేదండీ?" అని ఆర్విడ్ మర్యాదగానే అడిగాడు. దుప్పటి ముసుగులో ఉన్న డాక్టర్ గారికి సంగతేమిటో తెలియదు. తెలియదని చెబితే తాను లేవకుండా తన డిస్ట్రిక్టులో నిర్ణయం జరిగిపోయిందని ఒప్పుకున్నట్టవుతుంది. అందుకని ఓటర్ వాగు వంతెన మీద గాజుమంచు ఉందనేశాడు. గాజుమంచు అంటే తారు మీద పలచగా పరుచుకునేది, పైనుంచి చూస్తే కనబడదు. అబద్ధమాడాలంటే అంతకంటే అనువైన మంచు లేదు.

చివరికి లైను దొరికాక మార్లిస్ జరిగింది జరిగినట్టు చెప్పింది.

"ఆర్విడ్ గారికి మంచు ఉందని చెప్పేశాను" అన్నాడు డాక్టర్ గారు.

"లేదు కదండీ."

"అది కనబడదు, మార్లిస్. అదే దానితో ప్రమాదం. దిద్దుబాటు పంపితే జనానికి మన మీద నమ్మకం పోతుంది. ఊరుకోండి."

ఆర్విడ్ నోట వంతెన సంగతి విన్న బస్సుల పెద్ద లైల్‌కు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. పద్దెనిమిదేళ్లుగా తాను పక్కన లేకుండా ఏ సూపరింటెండెంటూ రోడ్లు చూడలేదు. ఈ పట్నం మనిషి తనను పిలవకుండా ఒక్కడే వెళ్లొచ్చాడన్నమాట. పిలవలేదని డ్రైవర్లకు తెలిస్తే ఇంకేమైనా ఉందా? వంతెన ఎలా ఉందని వాళ్లు అడిగితే, తాను చూశాననీ ఉల్లిపొర అంత పలచగా ఉందనీ చెప్పాడు. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టేయమన్నట్టు, తూర్పు పల్లె డ్రైవరు తన బస్సు నిన్ననే అక్కడ కాస్త జారిందన్నాడు.

ఆ తర్వాత పని టీవీ వాళ్లు చూసుకున్నారు. తెర అడుగున పరుగెత్తే వరసలో హాల్వర్డ్ పేరు కనబడగానే పక్క డిస్ట్రిక్టు సూపరింటెండెంటు కిటికీలోంచి ఎండను చూశాడు, మళ్లీ టీవీని చూశాడు. కెస్లర్ డాక్టరేటు ఉన్నవాడు, ఊరికే ఆలస్యం చేస్తాడా? రేపు ఏ బస్సో జారితే మీ ఒక్కరికే తెలియలేదా అని తననే నిలదీస్తారు. ఆయనా రెండు గంటలు ఆలస్యమన్నాడు. ఆయన్ని చూసి ఇంకొకరు, ఇద్దరినీ చూసి మరొకరు, అలా ఏడింటికల్లా ఆరు డిస్ట్రిక్టులు నలుగురితో పాటు నారాయణా అన్నాయి. బడి ఆలస్యమైతే ఊరూ ఆలస్యమే. లూథరన్ చర్చిలో బొంతలు కుట్టే ఆడవాళ్ల కూటమి రద్దయింది. గ్రంథాలయంలో పసిపిల్లల కథల గంట రద్దయింది. వృద్ధుల మధ్యాహ్న భోజనం రద్దు కాలేదు గానీ, పెద్దవాళ్లెవరూ కారు తీయవద్దని కబురు వెళ్లింది. అందరూ కిరాణా దుకాణానికి మాత్రం పొట్టి చేతుల చొక్కాలతో వెళ్లి, పాలూ రొట్టే అడుగంటేలా కొనుక్కొచ్చారు.

అసలు పని చేసింది కౌంటీ రోడ్ల శాఖ. మంచు ఉందని స్కూల్ డిస్ట్రిక్టే చెబుతుంటే ఊరుకుంటే బాగుండదని వాళ్లు మంచు మీద బండ్లు జారకుండా చల్లే ఇసుక లారీ పంపారు. లారీ డ్రైవరు ఓటర్ వంతెన మీద దిగి చూస్తే పొడి తారు. తాను వేరే వంతెనకు వచ్చానేమోనని ఆఫీసుకు ఫోను చేశాడు. ఇసుక వేయమన్నాం గానీ మంచు వెతకమన్నామా అని వాళ్లు కసిరారు. కోపం వచ్చి చుట్టుపక్కల వంతెనలన్నిటి మీదా చల్లి పారేశాడు. వెనకాలే వచ్చిన టీవీ పిల్లకు మంచు కనబడలేదు, ఇసుక కనబడింది. ఇంత ఇసుక చల్లారంటే ఎంత ప్రమాదం తప్పిందో అని కెమెరాకు చెప్పింది. డాక్టర్ గారు సూటు వేసుకుని ఆ ఇసుకలోనే నిలబడి, మంచును తానే చేత్తో తడిమి కనిపెట్టానని నాలుగు మాటలు మాట్లాడారు.

మధ్యాహ్నం మార్లిస్ బస్సుల షెడ్డుకు వెళ్లింది. లైల్, ఆమె ఒకే తరగతిలో చదువుకున్నారు. ఒకరి ముందు ఒకరు బింకాలు పోవాల్సిన పని లేదు.

"నువ్వు ఆ మంచు చూశావా, లైల్?"

"చూడలేదంటే నా పరువేం కావాలి?"

"మరి లేదని నాతో పాటు చెబుతావా?"

లైల్ టైరు వైపు చూస్తూ, పద్దెనిమిది మంది డ్రైవర్లకు చెప్పింది ఇప్పుడు వెనక్కి తీసుకోలేనన్నాడు. అలాగని ఆమె మీద అతనికి ప్రేమ లేదని కాదు. వెళ్లేటప్పుడు తన డబ్బాలోని రెండు కుకీలు ఇచ్చాడు.

ఆఫీసుకు తిరిగొచ్చేసరికి డాక్టర్ గారు ఆమె గదిలో ఉన్నాడు. వార్తాపత్రం మొదటి పేజీకి అరపేజీ వ్యాసం తానే రాసుకొచ్చాడు. తెల్లవారుజాము చీకట్లో ఒంటరిగా బయల్దేరి, వంతెన మీద మోకాళ్లూని, చేత్తో తడిమి మంచును కనిపెట్టిన ఒక విద్యావేత్త గురించి అది.

"ఇది వేసేయండి" అన్నాడు. "ఏడో అంశం సంగతి నేను చూసుకుంటాను."

ఆమె కాగితం తీసుకుని సొరుగులో పెట్టింది. ఆయన వెళ్లాక చాలాసేపు సీతాకోకచిలుకల వార్త ముందు కూర్చుంది, ఒక్క అక్షరం రాయలేకపోయింది. ఒక్క అబద్ధం, అదీ వేరొకరు రాసినది, వేసేస్తే గండం గడిచిపోతుంది. ఊరంతా చూసిన మంచును తానొక్కతే చూడలేదనడం కొరివితో తల గోక్కోవడమే. అది ఆమెకు బాగా తెలుసు. తెలిసే తన మీద తనకు చిరాకొచ్చింది.

మామూలుగా బోర్డు సమావేశానికి ముగ్గురు వస్తారు. ఆ సాయంత్రం కుర్చీలు చాలక వంటగది బల్లలు తెచ్చి వేశారు. డాక్టర్ గారికి అభినందన తీర్మానం చేద్దామని ఆర్విడ్ అనగానే మార్లిస్ లేచి నిలబడింది. గొంతు జనవరి సందేశంలో లాగే ఉంది.

"వంతెన మీద మంచు లేదు. నేను పరీక్షకని పొరపాటున మీట నొక్కాను. ఈ రోజు జరిగినదంతా దానివల్లే. తప్పు నాది."

డాక్టర్ గారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆ క్షణాన అవునని ఒక్క మాట అని ఉంటే ఆయన కథ వేరేగా ఉండేది. ఆయన నీళ్ల గ్లాసు అందుకున్నాడు.

ముందు తూర్పు పల్లె రైతు లేచాడు. మంచు లేకపోతే తన భార్య కాలు ఎలా జారిందని అడిగాడు. ఆవిడ జారింది తన పెరట్లో, గొడ్లు తొక్కిన బురదలో అని ఎవరికీ తట్టలేదు. తర్వాత ఒక డ్రైవరు లేచాడు. చివరకు లైల్ లేచి, మార్లిస్ వైపు చూడకుండా, ఉల్లిపొర సంగతి మళ్లీ చెప్పాడు. కనబడని మంచును చూడనివాళ్లు ఆ హాల్లో ఆమె తప్ప ఎవరూ మిగల్లేదు.

"అమ్మాయ్, నువ్వు బాగా అలిసిపోయావు, కూర్చో" అన్నాడు ఆర్విడ్ ప్రేమగా. "నీ మీద వేసుకోకు. కానీ ఒకటి నిజం. ఏప్రిల్లో ఎండ కాస్తుంటే మంచు పడిందంటే, ఆ వంతెనను నమ్మడానికి వీల్లేదు."

ఆ మాటతో హాలు మొత్తానికి భయం పట్టుకుంది. ఏప్రిల్లో వచ్చినది మేలో రాదా? వేసవి బడికి వెళ్లే పిల్లల మాటేమిటి? ఆ వంతెనను రోజూ ఎవరో ఒకరు చూడాలన్నారు. లైల్ చూస్తానన్నాడు గానీ, కారులోంచి అతనికి కనబడింది ఉల్లిపొరంతే, చేత్తో తడిమి కనిపెట్టిన మనిషి ఎదురుగా ఉండగా ఇంకొకరెందుకని తల్లులు పట్టుబట్టారు. మంచు లేదంటే పొద్దున చెప్పింది అబద్ధమవుతుంది, ఉందంటే రోజూ వెళ్లాలి. కక్కలేక మింగలేక డాక్టర్ గారు తల ఊపారు. ఆయన ఉద్యోగ ఒప్పందం ముగిసేదాకా, అంటే ఇంకా రెండేళ్లు, సంవత్సరం పొడవునా, ప్రతి తెల్లవారుజామునా నాలుగున్నరకు సూపరింటెండెంటు స్వయంగా నడిచి వెళ్లి వంతెన పరీక్షించి కబురు చెప్పాలని ఏకగ్రీవంగా తీర్మానించారు.

కబురు ఎవరికి చెప్పాలన్న ప్రశ్న వచ్చింది. యంత్రానికి చెప్పొచ్చని డాక్టర్ గారు నీరసంగా అన్నారు. నిజంగా చూశారా అని యంత్రం తిరిగి అడగదు కదా అన్నాడు ఆర్విడ్. దాంతో ఏడో అంశం చర్చకు రాకుండానే కొట్టేశారు. మార్లిస్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నిజం చెప్పి ఉద్యోగం పోగొట్టుకుందామని లేచిన మనిషికి, అది ఎవరూ నమ్మకపోవడం వల్ల ఉద్యోగం మిగిలింది. డాక్టర్ గారి అరపేజీ వ్యాసాన్ని ఆమె మర్నాడే ఆయన బల్ల మీద పెట్టి వచ్చేసింది. ఆయన దాని ఊసెత్తలేదు.

అప్పటినుంచి వార్తాపత్రంలో మొదటి పేజీ పైనే రెండు పంక్తుల వార్త ఒకటి వారం వారం తప్పకుండా వస్తోంది. ఓటర్ వాగు వంతెన మీద మంచు లేదనీ, సూపరింటెండెంటు డాక్టర్ బ్రెంట్ కెస్లర్ స్వయంగా తడిమి చూసి చెప్పారనీ అందులో ఉంటుంది. జూన్‌లో ఎండ ఎనభై ఐదు డిగ్రీల ఫారెన్‌హీటు దాటినప్పుడు కూడా వచ్చింది. ఎవరు చదివినా చదవకపోయినా అది అక్షరాలా నిజం కాబట్టి మార్లిస్ దాన్ని పెద్ద అచ్చులో వేస్తుంది.

జూలై నాలుగున జాతీయ పండుగ కనుక ఆ ఒక్క రోజుకూ వంతెన నుంచి సెలవు ఇప్పించవలసిందని డాక్టర్ గారు పెట్టుకున్న అర్జీ బోర్డు పరిశీలనలో ఉంది.