బతికుండగానే పట్టాభిషేకం

అమెరికాలో మన తెలుగు సంఘాలకి దిగిపోని అధ్యక్షులు దొరకడం పూర్వజన్మ సుకృతం! ఈ మాటంటే కొందరు మొహం చిట్లిస్తారని తెలుసు. రెండేళ్ళకోసారి మారాలి, యువతకి అవకాశం ఇవ్వాలి అంటారు. అయ్యా, మారితే హాల్ ఎవరు బుక్ చేస్తారు? క్యాటరింగ్ ఆయన్ని ఎవరు బతిమాలుతారు? ముఖ్య అతిథికి శాలువా కప్పి, ఫొటో పడేదాకా కదలకుండా నిలబడటం కొత్తవాళ్ళకి చేతనవుతుందా?

హెర్న్‌డన్‌లో ఉండే వీరభద్రంగారినే తీసుకోండి. అక్కడి తెలుగు కళావేదికకి ఆయన ఎప్పటి నుంచి అధ్యక్షుడో సభ్యులెవరికీ సరిగ్గా గుర్తులేదు. ఆయన తొలి ఉగాదికి స్టేజి మీద ఏడ్చిన పసివాళ్ళు ఇప్పుడు కాలేజీల్లో ఉన్నారు. అంతటి మనిషికి ఈ మధ్య నియమావళి అడ్డొచ్చింది. ఇంక ఒక్క టర్మ్ కూడా కుదరదని కమిటీ తేల్చేసింది. పాపం, ఆయనకి అన్నం సహించలేదు.

దారి చూపించినవాడు ఎనిమిది వందల ఏళ్ళ కిందటి ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీ. వీరభద్రంగారికి పక్క ఊరు షాంటిలీలోని ఆఫీస్‌కి డ్రైవ్ చేస్తూ ఆడియో పుస్తకాలు వినే అలవాటు ఉంది. ఆ వారం హెన్రీ కథ నడుస్తోంది. ఇంగ్లండ్‌నీ, సగం ఫ్రాన్స్‌నీ ఏలినవాడు. కుదురుగా ఒకచోట కూర్చునేవాడు కాదు. చర్చిలో ప్రార్థన జరుగుతున్నా పక్కవాళ్ళతో గుసగుసలాడుతూ రాచకార్యాలు చక్కబెట్టేవాడట. సత్యనారాయణ వ్రతంలో పీటల మీద కూర్చుని కూడా కమిటీ మెసేజ్‌లకి జవాబులిచ్చే వీరభద్రంగారికి ఆ రాజు తెగ నచ్చేశాడు.

అన్నిటికన్నా నచ్చింది మరొకటి. హెన్రీ తాను బతికుండగానే పెద్దకొడుక్కి కిరీటం పెట్టించాడు. పేరుకి ఇద్దరు రాజులు. కోటలూ, ఖజానా, సైన్యమూ మాత్రం తండ్రి చేతిలోనే! ఎంత తెలివి! ఎంత దూరదృష్టి!

సరిగ్గా అక్కడికి ఆఫీస్ పార్కింగ్ వచ్చింది. ఆ మర్నాటి నుంచి కంపెనీ అందరినీ ఇంటి నుంచే పనిచేయమంది. మిగతా కథ వినే తీరిక ఆయనకి దొరకలేదు. అయినా, పనిమంతులకి పూర్తి చరిత్ర ఎందుకండీ? పనికొచ్చేంత వింటే చాలదా?

దీపావళి వేడుకలో వీరభద్రంగారి పెద్దకొడుకు నీరజ్ కళావేదిక అధ్యక్షుడయ్యాడు. ఇక్కడే పుట్టి పెరిగిన కుర్రాడు, ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది. శాలువా కప్పారు, మెమెంటో ఇచ్చారు. హెన్రీ కూడా కొడుకు పట్టాభిషేకం రోజు విందులో తానే వడ్డించాడంటారు. వీరభద్రంగారు తక్కువ తినలేదు. కొత్త అధ్యక్షుడి ప్లేట్‌లో తన చేత్తో గారెలు వేశారు. భార్య రేణుగారి కళ్ళు చెమర్చాయి.

ఇక పరిపాలన మొదలైంది. వాట్సాప్ గ్రూప్‌కి అడ్మిన్ ఎవరు? తండ్రి. ఈమెయిల్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర? తండ్రి దగ్గర. ఉగాదికి పిల్లల డాన్సులు ముందు, ఉపన్యాసాలు తర్వాత పెడదామని నీరజ్ అంటే, మంచి ఐడియా నాన్నా అని మెచ్చుకుని, ఉపన్యాసాలు ముందు పెట్టి గ్రూప్‌లో ప్రకటించేశారు. అధ్యక్షుడికి మిగిలిన అధికారం కుర్చీలు మడతపెట్టించడం. అందులోనూ ఎటువైపు పేర్చాలో ఆయనే చెప్పేవారు!

నీరజ్‌కి తనదంటూ ఉన్నది యూత్ వింగ్ ఒక్కటే. కాలేజీ స్నేహితుల్ని పోగేసి వాడు కట్టుకున్నది. దాన్ని ఒకరోజు తండ్రి, వాడితో మాటమాత్రమైనా అనకుండా, కూతురు రియాకి ఇచ్చేశారు. రియా ఆయన ముద్దుల బిడ్డ. పెద్దకొడుక్కి రావాల్సిన కోటల్ని చిన్నకొడుకు జాన్‌కి రాసివ్వబోయి హెన్రీ చేసింది కూడా ఇదే. కాకపోతే అది పుస్తకంలో ఆయన వినని రెండో సగం.

"డాడ్, ఇందులో ఒక్కటైనా నాది ఉందా?" అని అడిగాడు నీరజ్.

"అన్నీ నీవే నాన్నా. నేను ఉన్నన్నాళ్ళూ చూసుకుంటానంతే."

రేణుగారు కొడుకు పక్షాన మాట్లాడారు. గ్రూప్‌లో అందరూ చూస్తుండగా మాట్లాడారు. హెన్రీ భార్య ఎలినార్ కూడా తిరగబడిన కొడుకుల వైపే నిలబడింది. హెన్రీ ఆవిడని ఏళ్ళ తరబడి కోటల్లో నిర్బంధించాడు. మనది నాగరిక దేశం కదా, వీరభద్రంగారు భార్యని గ్రూప్‌లోంచి తీసేశారంతే! పప్పులో ఉప్పు సరిపోయిందా అని కూడా ఆ తర్వాత ఇంట్లో ఆయన్ని ఎవరూ అడగలేదు.

నెల తిరక్కుండా షాంటిలీలో కొత్త సంఘం పుట్టింది. అధ్యక్షుడు నీరజ్, సలహాదారు రేణుగారు. ఉగాది వేడుక కూడా అదే రోజు, అదే టైమ్‌కి పెట్టుకున్నారు. వీరభద్రంగారు బెదరలేదు. రియా ఉంది కదా! యాంకరింగ్ తను చేస్తుంది. పిల్ల తన వెంట ఉంటే చాలు, మిగతావాళ్ళు వాళ్ళే తిరిగొస్తారని ఆయన నమ్మకం.

ఉగాది రోజు హెర్న్‌డన్ హాల్లో ఉగాది పచ్చడి సిద్ధంగా ఉంది, మైక్ సిద్ధంగా ఉంది. రియా రాలేదు. ఆయన ఫోన్ చేస్తే అవతల నుంచి పిల్లల గోల, తబలా చప్పుడు వినిపించాయి. షాంటిలీలో ఉన్నానంది.

"వాళ్ళు నీకేం ఇచ్చారమ్మా?" అన్నారు ఆయన.

"ఏం ఇవ్వలేదు డాడీ. ఏం చేస్తే బాగుంటుంది అని నన్ను అడిగారు. నువ్వు అన్నీ ఇచ్చావ్. ఎప్పుడూ అడగలేదు."

రెండో హెన్రీ జబ్బుపడి మంచం మీద ఉండగా, తనని వదిలి శత్రువుల వైపు వెళ్ళినవాళ్ళలో ముద్దుల కొడుకు జాన్ కూడా ఉన్నాడని విన్నాడు. ఆ తర్వాత ఎన్నాళ్ళో బతకలేదు. మన వీరభద్రంగారు గట్టి మనిషి. మైక్ అందుకుని యువతకి అవకాశాలు అన్న అంశం మీద గంటసేపు మాట్లాడారు. వినడానికి యువత లేదు కానీ, ఉపన్యాసం బాగుందని కమిటీ వాళ్ళు అన్నారు. ఇంటికి ఒక్కరే డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళారు.

కాబట్టి పెద్దలకి నా మనవి. మీ పిల్లలకి శాలువాలు కప్పండి, పదవులివ్వండి, మీ చేత్తో గారెలు వడ్డించండి. నీ ఉద్దేశం ఏమిట్రా అని మాత్రం పొరపాటున కూడా అడక్కండి! అడిగారంటే వాళ్ళు మీతోనే ఉండిపోతారు. అప్పుడు మనకి రెండో సంఘం ఎక్కడి నుంచి వస్తుంది?