పేరు తీసేసిన ఇల్లు

ఆ రోజు తాళంకప్ప వేసుకున్న పథకం చాలా సులువైనది. తాళంకప్ప అన్నది ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు. స్మార్ట్ మీటర్ల లెక్కలు బయటికి పొక్కకుండా కరెంటాఫీసులో కాపలా కాసే ఉద్యోగం ఆయనది. పదకొండింటికి పెద్ద సారు ముందు ఒక సంగతి నిరూపించాలి. పేరూ చిరునామా తీసేస్తే, మీటరు అంకెలు చూసి అది ఎవరిల్లో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడని. అప్పుడు ఆ అంకెల్ని పరిశోధకులకు నిశ్చింతగా ఇవ్వొచ్చు. పెద్ద సారు ఒప్పుకుంటే భద్రతా విభాగం ఆయన చేతికొస్తుంది. లేదంటే ఫిర్యాదుల కిటికీ దగ్గర పాత కుర్చీ ఉండనే ఉంది.

"పేరు తీసేస్తే కట్టుకున్నవాళ్ళు కూడా గుర్తుపట్టలేరు," అన్నాడు, భార్య ఇస్త్రీ చేసిపెట్టిన చొక్కాని మళ్ళీ ఇస్త్రీ చేసుకుంటూ.

"అది నాకు తెలుసులెండి," అంది ఆవిడ పేపరు తిరగేస్తూ.

పరాయి ఇంటి గుట్టు చూడ్డం మర్యాద కాదని, నమూనాగా తన ఇంటి నెల లెక్కనే పేరు తీసేసి ఆఫీసులో అందరి ముందూ తెర మీద పెట్టాడు. ఆ ముక్క మాత్రం ఎవరికీ చెప్పలేదు. క్యాంటీన్ మేనేజరు స్వయంగా బిస్కెట్లు తెచ్చి బల్ల మీద పెట్టాడు. అవంటే తాళంకప్పకి ప్రాణం. ఆరు నెలల కిందట భార్య చేసిన బిస్కెట్లని "తలుపుకి అడ్డు పెట్టుకోవచ్చు" అన్న మనిషి, ఆ తర్వాత వీటిని పొట్లం కట్టించుకెళ్ళి, "బిస్కెట్ అంటే ఇలా ఉండాలి" అని ఆవిడ చేత తినిపించాడు. ఆవిడ రెండు తిని, బాగున్నాయంది.

"ఇది ఎవరిల్లో చెప్పండి చూద్దాం," అన్నాడు ధీమాగా.

టైపిస్టు కళ్ళజోడు సవరించుకుంది. "ఎవరో తెలీదు గానీ, ఐదుంపావుకల్లా గీజరు. బుద్ధిమంతుడే. ఎనిమిదిన్నరకి ఇస్త్రీ పెట్టె. పది నిమిషాలాగి మళ్ళీ ఇస్త్రీ పెట్టె."

"పెళ్ళాం చేసింది నచ్చలేదు కాబోలు," అన్నాడు స్టోర్సు గుమాస్తా.

"రోజూనా? ఆ మహాతల్లి ఓపికకి దండం పెట్టాలి," అంది టైపిస్టు.

అందరూ నవ్వారు. తాళంకప్ప కాలరు తడుముకున్నాడు.

"పదకొండు నుంచి ఒంటిగంట దాకా మాత్రం ఏదో పెద్దదే నడుస్తోంది. సెలవు రోజుల్లో లేదు," అంది టైపిస్టు.

తాళంకప్ప గిరుక్కున తెర వైపు తిరిగాడు. ఆ వేళప్పుడు ఇంట్లో ఉండేది భార్య, పేపరు, ఫ్యాను. "సార్, ఈ మీటరులోకి ఎవరో దూరారు. దొంగ అంకెలు పంపిస్తున్నారు."

"ఆ టైములో అక్కడ ఏం నడుస్తుందో మీకెలా తెలుసు?" అన్నారు పెద్ద సారు.

తాళంకప్ప గొంతు తగ్గించాడు. "అది మా ఇల్లే సార్."

రహస్యం మొత్తం ఏడు నిమిషాలు బతికింది.

ఒక్క మీటరులోకి దూరగలిగినవాడు ఊరి మీటర్లన్నిట్లోకీ దూరగలడు. పెద్ద సారు వెంటనే తనిఖీ దళాన్ని పంపించారు. ఇల్లు నాలుగు వీధుల అవతలే. పావుగంటలో ఫోను మోగితే, అందరికీ వినపడేలా బల్ల మీద పెట్టారు.

"సార్, సీలు భద్రంగా ఉంది. అంకెల్లోనూ తప్పు లేదు. లోపల ఓవెన్ నడుస్తోంది. మేడమ్ మాట్లాడతారట."

"ఏమండీ, ఈ ముగ్గుర్నీ వెనక్కి పిలిపించండి. మాటిమాటికీ ఓవెన్ తలుపు తీసి చూస్తున్నారు. రేపు మీ క్యాంటీన్‌కి బిస్కెట్లు సరిగ్గా రాకపోతే పూచీ నాది కాదు."

బల్ల చుట్టూ నమలడం ఆగింది. క్యాంటీన్ మేనేజరు ఫ్యాను కేసి చూస్తూ, "ఎవరికీ చెప్పొద్దన్నారు సార్," అని గొణిగాడు. తాళంకప్ప మనసులోనే ఫిర్యాదుల కిటికీ దగ్గర కుర్చీ దుమ్ము దులుపుకున్నాడు.

పెద్ద సారు ఇంకో బిస్కెట్ తీసుకున్నారు. "పేరు తీసేసినా ఒక మనిషి స్నానం, చొక్కా, ఆయన భార్య చేసే పని, అన్నీ బయటపడ్డాయి. ఇంటింటి అంకెలు ఎవరికీ ఇవ్వం. వీధి మొత్తం కలిపి ఇద్దాం. సొంత ఇంటినే పణంగా పెట్టి ప్రమాదం చూపించారు. ఆ విభాగానికి ఈయన కాక ఇంకెవరు?"

తను చూపించబోయింది దానికి సరిగ్గా తలకిందులని తాళంకప్ప ఎవరికీ గుర్తు చేయలేదు.

"ఆరు నెలలు నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు సాయంత్రం.

"చెబితే తలుపుకి అడ్డు పెడతారని," అంది ఆవిడ, బిస్కెట్ల పళ్ళెం ముందుకు జరుపుతూ. "పేరు తీసేశాక గుర్తుపట్టారా మరి?"

మర్నాటి మీటరు లెక్కలో ఇస్త్రీ పెట్టె ఒక్కసారే కనిపించింది.