ఓడే ఓట్ల వంతు

పంచాయతీ ప్రెసిడెంటు ఎన్నిక ఫలితం, పోలింగుకి పదమూడు రోజుల ముందు, ఎప్పటిలాగే పోస్టులో గెడ్డవలస చేరిన ఆ ఉదయం ఆకాశం కడగని అట్లపెనంలా ఉంది. మబ్బు కొండ నడుము దాకా దిగి ఆగిపోయింది. కురవదు, కదలదు. గ్రామ సేవకుడు తవిటయ్య కవరు చంకలో పెట్టుకుని పంచాయతీ ఆఫీసుకి నడుస్తూ నాలుగుసార్లు తలెత్తి చూశాడు. అతని బెంగంతా వాన గురించే. ఫలితం గురించి బెంగపడేదేముంది? ఇరవై ఏళ్ళుగా పోలినాయుడే.

ఆ మండలంలో ఫలితం ముందు రావడం, ఓట్లు తర్వాత పడడం మామూలే. ముందు ఓట్లు వేయించి ఆనక లెక్కపెట్టే పద్ధతి ఒకప్పుడు ఉండేదట. ఎవరు గెలుస్తారో ఆఖరి ఘడియ దాకా తెలియక జనానికి అన్నం సహించేది కాదట. ఇప్పుడా బాధ లేదు. కాగితం మీద ఎవరికెన్ని ఓట్లని ఉంటే అన్నీ సరిగ్గా పడేట్టు చూసుకోవడమే ఊరి పని. గెలిచే ఓట్లకి ఇబ్బంది ఉండదు. ఓడే ఓట్లు మాత్రం ఎవరో ఒకరు వేయాలి కనక, చేలకి నీళ్ళు పెట్టుకున్నట్టు వాటికి వంతులుండేవి. వంతొచ్చిన ఇంటివాళ్ళు ముందురోజే పోలినాయుడి అరుగు దగ్గరికి వెళ్ళి, "బాబూ, ఈసారి మాకొచ్చింది, ఏటనుకోకండి," అని చెప్పుకునేవారు. "వంతంటే వంతే. దానికేటి," అనేవాడాయన. ఇంటింటికీ తిరిగి ఆ వంతులు రాసేది తవిటయ్యే.

సెక్రటరీ కవరు చింపి కాగితం చదివాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాడు. తర్వాత తవిటయ్య చేతికిచ్చాడు.

కృపావతి, కత్తెర గుర్తు: నాలుగువందల పన్నెండు. పోలినాయుడు, బిందె గుర్తు: నాలుగువందల ఐదు. ఏడు ఓట్ల మెజారిటీతో కృపావతి గెలిచినట్టు ప్రకటించడమైనది.

"మన నర్సమ్మే?" అన్నాడు తవిటయ్య.

"ఇంకో కృపావతి లేదు కదా ఊళ్ళో," అన్నాడు సెక్రటరీ.

కృపావతి గోదావరి అవతలి మనిషి. సూదిమందు వేసే ఉద్యోగం మీద వచ్చి పద్నాలుగేళ్ళయింది. ఊళ్ళో పదేళ్ళలోపు పిల్లలందరూ ఆమె చేతుల్లో పడ్డవాళ్ళే. అయినా ఆమెని అందరూ 'కొత్తగా వచ్చిన నర్సమ్మ' అనే అంటారు. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి మరీ నామినేషన్ వేసింది. ఆమె చెప్పినవి మూడే మాటలు: గ్రామసభలో ఆడవాళ్ళకి కుర్చీలు, కుళాయి నీళ్ళు దిగువ వీధికి కూడా ఎగువ వీధికొచ్చే వేళకే, శ్మశానానికి అందరికీ ఒకే దారి.

ఆ మూడో మాట తవిటయ్య గుండెల్లో దిగబడిపోయింది. దిగువ వీధివాళ్ళ శవాలు గెడ్డ వాగు దాటి వెళ్ళాలి. పోలినాయుడి చేను గట్టు మీంచి వెళితే రెండు వందల అడుగులు. కానీ ఆ గట్టు మీద పాడె నడవకూడదని ఆయన తాతల నాటి మాట, అందుకే అక్కడ అడ్డంగా ముళ్ళకంప వేసి ఉంటుంది. ఎండాకాలం పోయినవాళ్ళు అదృష్టవంతులు. తవిటయ్య తండ్రి శ్రావణంలో పోయాడు. రొమ్ముల లోతు నీళ్ళలో పాడె తల మీదికెత్తి దాటిస్తుంటే ముందున్నవాడి కాలు జారి, తండ్రి చెయ్యి ఒకటి నీళ్ళలో వేలాడింది. పన్నెండేళ్ళయినా ఆ చెయ్యి తవిటయ్యకి కనిపిస్తూనే ఉంటుంది. ఇప్పుడు తల్లి అసిరమ్మకి ఎనభై దాటాయి. కాళ్ళకి నీరు దిగింది. "ఈ వానాకాలం జాగ్రత్త తవిటయ్యా," అంది కృపావతి, మొన్న ఆమె నాడి చూసి.

అంచేత ఆ రోజు డప్పు మామూలు కంటే గట్టిగా వేశాడు. దండోరా అయ్యాక ఇంటికి పోయి, చెవుడు ముదిరిన తల్లి చెవిలో నోరుపెట్టి అరిచాడు. "నర్సమ్మ గెలిసినాదే! కాయితం వొచ్చింది!"

"గెలిసినాదా? అయితే దారేస్తాది," అని అసిరమ్మ చుట్ట ముట్టించుకుంది.

మర్నాటి నుంచి తవిటయ్య రెండు జాబితాలు పట్టుకుని తిరిగాడు. బిందె జాబితా ఒక్క పూటలో నిండింది. ఓడే ఓట్లకి జనం ఎగబడడం అతను ఎన్నడూ చూడలేదు. నాలుగువందల ఐదు పేర్లయ్యాక ఇంక లేవంటే పోట్లాటకొచ్చారు.

"మాకేల నేదురా? మా ఓటు ఓటు కాదేటి?" అంది టీబడ్డీ సూరీడమ్మ.

"అప్పా, నీ నాలుగో కానుపప్పుడు నర్సమ్మే గదా నిన్ను బతికించింది. కత్తెరకి రాసుకుంటాను."

"బతికించింది. బంగారమంటి మనిసి. అయినా ఆవిడ ఎలాగూ గెలిసిపోనాది గదరా. గెలిసినోలికి నా ఓటెందుకు? పాపం నాయుడుబాబు ఓడిపోనారు. ఆయనకి ఆ మాత్రం సేయకపోతే మనమేటి మనుసులం?"

బల్ల మీద కూర్చున్న దర్జీ జోగులు టీ ఊదుకుంటూ నవ్వాడు. "గెలిసిందని నీకెవులు సెప్పినార్రా తవిటీ?"

"కాయితం."

"కాయితం అలాగే అంటాది. ఆయమ్మ గెలవదు."

"గెలిసిపోనాది, బావా. అచ్చేసి పంపినారు."

"గెలిసినా గెలవదురా. పై ఊరి నుంచి వొచ్చిన మనిసి, అందులో ఆడది. నాకిష్టమే. కానీ ఊరు ఎయ్యదు."

"ఊరంటే ఎవులు? నువ్వెయ్యవా?"

"ఊరు ఎయ్యనప్పుడు నానొక్కడినే ఏసి ఏటి సేయాల?"

ఆ వారమంతా ఇదే వరస. గెలిచిందని నమ్మినవాళ్ళు, గెలిచింది కదా అని పోలినాయుడికి వేస్తామన్నారు. నమ్మనివాళ్ళు, గెలవదు కదా అని పోలినాయుడికే వేస్తామన్నారు. అందరూ కృపావతి మంచిదన్నారు. కొందరు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు కూడా. కత్తెర జాబితా మాత్రం ఉతికి ఆరేసిన పంచెలా తెల్లగా ఉండిపోయింది. పదో రోజున తవిటయ్య పేర్లు తనే రాసేశాడు. "రాసుకో, రాసుకుంటే ఏటి పోయింది," అన్నారు జనం ఉదారంగా.

పోలినాయుడు ఒక్కడే ఈ విషయంలో నెమ్మదిగా ఉన్నాడు. ఆఫీసు తాళాలు తుడిచి, ముల్లు విరిగిన గోడ గడియారం బాగుచేయించి, అప్పగింతకి సిద్ధం చేసుకున్నాడు. "గట్టు కాడ కంప కూడా తీయించేయాల. కాయితం వొచ్చినాక మనదేటుంది," అన్నాడు తవిటయ్యతో. ఆ మాట విన్నవాళ్ళకి ఆయన మీద ప్రేమ ఇంకా పొంగింది.

మబ్బు మాత్రం అలాగే కొండ నడుముని పట్టుకుని ఉంది.

పోలింగు రోజు ఎనిమిది వందల పదిహేడు మందీ వచ్చారు. అసిరమ్మని తవిటయ్య వీపున మోసుకొచ్చి గుమ్మం దగ్గర దింపాడు. ఆమె ఒక్కతే లోపలికెళ్ళి, నిదానంగా గుద్ది, వేలి సిరా ఊదుకుంటూ వచ్చింది. తర్వాత అతని వంతు.

అట్టల మరుగున బల్ల మీద కాగితం, ముద్ర. తవిటయ్య ముద్రని కత్తెర మీదికి తెచ్చాడు. సరిగ్గా అక్కడ చెయ్యి ఆగింది. కాగితంలో నాలుగువందల పన్నెండున్నాయి. తనదొక్కటి తగ్గితే నాలుగువందల పదకొండు, అప్పటికీ గెలుపే. మిగతావాళ్ళు వేయకపోతే, లెక్కలో పడే ఆ ఒక్క కత్తెరా తవిటయ్యదేనని ఊరికి ఇట్టే తెలిసిపోతుంది. రేపు డప్పు పట్టుకుని తిరగాల్సింది ఈ వీధుల్లోనే. తండ్రి చెయ్యి గుర్తొచ్చింది. తను కాకపోయినా మిగతావాళ్ళు వేస్తారనుకున్నాడు. వాళ్ళు వేయరని అతనికంటే బాగా తెలిసినవాడు ఊళ్ళో లేడు. ముద్ర బిందె మీద పడింది.

రెండింటికి లెక్క మొదలై మూడున్నరకి ముగిసింది. బిందెకి ఎనిమిది వందల పదిహేను. కత్తెరకి రెండు.

పట్నం నుంచొచ్చిన ఎన్నికల అధికారి కంగారు పడలేదు. ఇలాంటివి అప్పుడప్పుడూ జరుగుతాయన్నాడు. ఫలితం ప్రభుత్వం ఇచ్చింది కనక తప్పు కాదు. ఓట్లు ప్రజలిచ్చినవి కనక తప్పు కావు. రెండూ కలవనప్పుడు గెలిచిన అభ్యర్థి ఒక పత్రం నింపాలి. దాని పేరు నమ్మిక పత్రం. అందులో ఒకటే ప్రశ్న ఉంటుంది.

కృపావతి వచ్చి నిలబడింది. ఆమె కోసం కుర్చీ వేయడం ఎవరికీ తోచలేదు.

"మీరు గెలిచినట్టు మీకు నమ్మకం ఉందా? ఉందంటే ఫలితం ఖాయం చేస్తాను. లేదంటే ఓట్లు ఖాయం," అన్నాడు అధికారి. "ఉంది, లేదు, అంతే. వివరణలు రాయడానికి చోటు లేదు."

తవిటయ్య గుమ్మం దగ్గరికి జరిగాడు. ఒక్క మాట. ఆ ఒక్క మాట అంటే చాలు, గట్టు మీద దారి. కృపావతి కిటికీలోంచి బయటున్న జనాన్ని చూసింది. తన చేతుల్లో పుట్టిన పిల్లల్ని ఎత్తుకుని తల్లులు ఆమెకేసే చూస్తున్నారు. అందరి మొహాల్లోనూ జాలి, ఆమె అప్పటికే ఓడిపోయినట్టు.

"లేదండి," అంది కృపావతి.

"సంతకం ఇక్కడ."

పోలినాయుడు లేచాడు. "కత్తెరకి పడ్డ రెండిట్లో ఒకటి నానే ఏసినాను. కాయితం సెప్పింది గదా అని. తప్పయితే మన్నించండి." జనం చప్పట్లు కొట్టారు. జోగులు తవిటయ్య భుజం తట్టాడు. "సెప్పినానా? మంచి మనిసే. కానీ గెలవదు."

కంప తీయించే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

కృపావతి మెట్లు దిగుతుంటే తవిటయ్య వెనకే వెళ్ళాడు. అడగకూడదనుకుంటూనే అడిగాడు. "రెండోది మీదే గదమ్మా?"

"కాదు తవిటయ్యా. ఎలాగూ గెలవనని ఊరంతా అంటుంటే, నా ఓటెందుకు పాడుచేసుకోవడమని..." ఆమె చెప్పు తొడుక్కుంది. "మీ అమ్మగారి కాళ్ళు ఎలా ఉన్నాయి?"

"అలాగే ఉన్నాయమ్మా," అన్నాడతను. తన ఓటు సంగతి చెప్పలేదు.

ఇంటికి చేరేసరికి మబ్బు కొండని వదిలేసింది. మొదటి చినుకులు ఆవిరి వాసనతో పడి, అంతలోనే జోరందుకున్నాయి. భార్య నీలమ్మ పొద్దు గుంకకముందే అన్నం వార్చి, ఎండుచేపలు, నెత్తళ్ళు, వంకాయతో వండింది. ముగ్గురూ కంచాల ముందు కూర్చున్నారు. అసిరమ్మ సిరా వేలు పైకెత్తి కొడుక్కి చూపించింది.

"కత్తెర మీదే గుద్దినాను. గెలిసినోలికే గదా ఎయ్యాల," అంది.

నీలమ్మ మొగుడి మొహం చూసింది. తవిటయ్యకి అప్పుడర్థమైంది. రెండో ఓటు అమ్మది. ఆయమ్మ గెలవదన్న మాట ఊళ్ళో వినబడనిది ఆమె ఒక్కదానికే.

"మరి దారెప్పుడేస్తారంటరా?"

అతను ఆమె చెవి దాకా వంగాడు. నోరు తెరిచాడు. మళ్ళీ నిటారుగా కూర్చుని, తన కంచంలోని పెద్ద నెత్తడు తీసి ఆమె అన్నంలో పెట్టాడు.

పెరటి వెనక గెడ్డ నిండుతున్న చప్పుడు తవిటయ్యకీ నీలమ్మకీ ముద్దముద్దకీ దగ్గరవుతోంది. అది కూడా వినబడని అసిరమ్మ, గెలిచిన ఇంటి మనిషిలా తృప్తిగా, ముళ్ళు ఏరుకుంటూ, మెతుకు మిగలకుండా తిన్నది.