వానకత్తి చెవి ఉద్యమం

"వానకత్తికి రెండో చెవి అతికించిన కుట్రను కోరుట్ల పట్టణం ముక్తకంఠంతో ఖండిస్తున్నది. ఆ చెవిని బేషరతుగా తొలగించేదాకా మాకు నిద్ర లేదు, తిండి లేదు!"

యువజన విభాగం పట్టణ అధ్యక్షుడు నరేందర్ ఈ ప్రకటన చేసినప్పుడు విలేకరుల సమావేశంలో ఉన్నవాళ్లందరి ఒళ్లు జలదరించింది. ఆ మాటల బరువు అలాంటిది. ఆ బరువంతా పక్కనే కూర్చున్న సింధూజ రాసిచ్చిందే. అయినా మోసింది మాత్రం నరేందరే కాబట్టి ఘనత ఆయనదే.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. వానకత్తి అంటే 'ఏడు మబ్బుల కోట' అనే నవలలో ఒక ఆడ సేనాపతి. నల్లగా ఉంటుంది. వయసు నలభై దాటింది. భుజాన గొంగడి వేసుకుని, గీత కార్మికులు తాటిచెట్టుకు కట్టినట్టు నడుముకు మోకు కట్టుకుని శత్రువుల కోటగోడలు ఎక్కుతుంది. ఒక చెవి యుద్ధంలో తెగిపోయింది. ఇప్పుడు ఆ నవలను సినిమాగా తీస్తున్నారు. మొదటి పోస్టర్ వదిలారు. అందులో వానకత్తి పాలలాగ తెల్లగా, కాలేజీ పిల్లలాగ, బంగారు కవచంలో నిలబడి ఉంది. రెండు చెవులున్నాయి. రెండింటికీ జుంకాలున్నాయి.

సింధూజ ప్రైవేటు బడిలో పంతులమ్మ. నవలను ఎన్నిసార్లు చదివిందో ఆమెకే లెక్క తెలియదు. పోస్టర్ చూసిన రోజు అన్నం తినలేదు. ఆమె నడిపే వాట్సాప్ గ్రూపులో వార్డు కుర్రకారంతా ఉంది, దుబాయ్‌లో ఉన్నవాళ్లు కూడా ఉన్నారు. అందరూ కలిసి మొత్తుకుంటుంటే ఆ మొత్తుకోలు నరేందర్ చెవిన పడింది. ఆయన నవల చదవలేదు. ప్రజాసేవలో ఉన్నవాళ్లకు అంత తీరిక ఎక్కడిది? ఆయన చూసింది గ్రూపులోని ఫోన్ నంబర్లను. మున్సిపల్ ఎన్నికలు దగ్గరికి వచ్చాయి. కౌన్సిలర్‌గా నిలబడాలంటే పార్టీ బీఫారం ఇవ్వాలి. పోయినసారి ఇస్తామని చెప్పి ఆఖరి గంటలో వేరేవాళ్లకు ఇచ్చారు. ఈసారి కూడా రాకపోతే మేడిపల్లిలో అత్తగారింటికి ఏ ముఖం పెట్టుకుని పోవాలన్నది ఆయనను నిజంగా తొలిచేస్తున్న బాధ.

"అన్నా, తెగింది ఏ చెవి? ఎడమదా, కుడిదా?" అని విలేకరి వినోద్ అడిగాడు.

నరేందర్ సింధూజ వైపు చూశాడు. ఆమె ఫోనులో ఉంది.

"మా పార్టీకి ఎడమ, కుడి అనే తేడాల్లేవు తమ్మీ. అందర్నీ కలుపుకొని పోతం" అన్నాడు. చప్పట్లు మోగాయి.

ఒక పార్టీలో అందరిదీ ఒకే అభిప్రాయమైతే దాన్ని నియంతృత్వం అంటారు. ఆ మచ్చ పార్టీకి రాకుండా పట్టణ ఉపాధ్యక్షుడు లింగన్న మర్నాడే 'రెండు చెవుల సాధన సమితి' పెట్టాడు. బీఫారం కోసం ఆయన కూడా అదే వార్డులో కన్నేసి ఉన్నాడనేది గిట్టనివాళ్ల మాట.

"ఆడబిడ్డకు చెవి లేకుంట జేసుడేంది? జుంకాలు ఏడ వెట్టుకోవాలె?" అని బస్టాండు ముందర గర్జించి, పోస్టర్‌కు బిందెలకొద్దీ పాలతో అభిషేకం చేశాడు. ఆ పాలు షేర్ ఆటోల కిందికి పారాయి. వార్డు రెండుగా చీలింది. అన్నదమ్ములు ఒకే ఇంట్లో పుస్తకం వర్గం, పోస్టర్ వర్గంగా విడిపోయి వేర్వేరుగా చాయ్ తాగారు.

పాలాభిషేకానికి జవాబు దిష్టిబొమ్మే. కానీ ఎవరిది? డైరెక్టర్ ముఖం ఎవరికీ సరిగా గుర్తు లేదు. వానకత్తిది తగలబెడితే సింధూజ ఊరుకోదు. చాలాసేపు తర్జనభర్జన పడ్డాక నరేందర్‌లోని నాయకుడు మేల్కొన్నాడు.

"ఎక్స్‌ట్రా చెవినే కాలవెడదాం!"

గడ్డితో ఆటో అంత చెవి తయారైంది. దిష్టిబొమ్మలకు ఒక పద్ధతి ఉంది. కార్యకర్తలు పట్టుకోవాలి, పోలీసులు గుంజుకోవాలి, ఫొటోగ్రాఫర్లు అయిందని చెప్పేదాకా ఇద్దరూ వదలకూడదు. పద్ధతి ప్రకారమే గుంజారు. సగం చెవి ఠాణాకు పోయింది, సగం కాలింది. రెండు పక్షాలూ విజయం సాధించినట్టు ప్రకటించుకున్నాయి.

తర్వాత రిలే నిరాహార దీక్షలు. టిఫిను చేసి వచ్చినవాళ్లు భోజనం వేళదాకా కడుపు మాడ్చుకున్నారు. దుబాయ్ నుంచి శ్రవణ్ వీడియో కాల్‌లో దీక్షకు కూర్చున్నాడు. రూములో బిర్యానీ తింటూ కనబడేసరికి కెమెరా ఆపి దీక్ష కొనసాగించమన్నారు. దీక్షా శిబిరంలో కూర్చుని నరేందర్ తన ఫోనుకూ, తన దగ్గరే ఉండే భార్య ఫోనుకూ వచ్చిన ప్రతి కాలూ తనే ఎత్తాడు. అంతటి నిబద్ధత.

ఉద్యమం జిల్లా స్థాయికి పోవాలి కదా. నరేందర్ సింధూజను వెంటబెట్టుకుని జగిత్యాల పోయి ఒక ఆఫీసులో వినతిపత్రం ఇచ్చాడు. ఆఫీసరు మంచి మనిషి. మొదటి లైను దాకా చదివాడు.

"ఈమెది ఏ వార్డు?"

"మా వార్డే సార్" అన్నాడు నరేందర్ అలవాటు కొద్దీ.

"చెవి లేదా?"

"లేదు సార్. లేని చెవి ఉన్నదని చూపిస్తున్నరు."

ఆఫీసరుకు నిజంగానే జాలేసింది. "ఉన్నోళ్లు లేదని రాయించుకునుడు రోజూ చూస్తున్న. లేనామెకు ఉన్నదని రాసుడు మాత్రం అన్యాయమే. వికలాంగుల సదరం క్యాంపుకు పట్టుకరాండ్రి. డాక్టర్లు చూసి సర్టిఫికెట్ ఇస్తే పింఛన్ అయితది."

బయటికి వచ్చి నరేందర్ కార్యకర్తలకు చేతులెత్తి మొక్కాడు. "వానకత్తికి పింఛన్ సాధించిన!"

సింధూజ నెత్తి కొట్టుకుంది. "అన్నా, ఆమె కథల మనిషి."

"కథల మనిషికి పింఛన్ ఇప్పిచ్చుడంటే మామూలు ముచ్చటనా చెల్లె?"

అక్కణ్నుంచి సిరిసిల్లకు. ఉద్యమానికి కండువాలు కావాలి. ఏ పార్టీ గెలిచినా ఓడినా జెండాలు, కండువాలు అక్కడి మగ్గాల మీది నుంచే రావాలి. ఆసామి మల్లేశం మగ్గాల చప్పుడులో గొంతు పెంచి అడిగాడు.

"ఒక చెవి బొమ్మనా, రెండు చెవులదా?"

"ఒక్కటే. గదేంది, పక్క మగ్గం మీద రెండు చెవులవి నడుస్తున్నయ్?"

"లింగన్నయి. పొద్దుగాల అచ్చిండు. నీకు ఒక్కటే చెవి గదా, నీదే జల్ది అయితది."

శత్రువు కంటే ముందు డెలివరీ దొరికిందన్న తృప్తితో నరేందర్ ఇంటికి చేరాడు. చేరేసరికి పిడుగులాంటి వార్త. రిజర్వేషన్ల డ్రా తీశారు. వార్డు మహిళలకు పోయింది.

వేరే నాయకుడైతే కుంగిపోయేవాడు. నరేందర్ రెండు నిమిషాలు మాత్రమే కుంగిపోయి, వంటింట్లో ఉన్న భార్యను పిలిచాడు.

"జ్యోతీ, నువ్వు నిలవడుతున్నవ్."

"నేనా?" అంది జ్యోతి. ఆమెకు లోపల్లోపల సంతోషమే అయింది. ఇంటర్ దాకా చదివింది. వాన పడితే ఇంట్లోకి వచ్చే మురికికాలువ సంగతి నలుగురిలో అడగాలని ఆమెకు ఎప్పటి నుంచో ఉంది. "మీటింగులల్ల నేనే మాట్లాడాల్నా?"

"నీకెందుకు గంత కష్టం? నువ్వు ఫొటోకు నిలవడు. తతిమ్మదంత నేను జూసుకుంట."

బీఫారం తేల్చడానికి హైదరాబాద్ నుంచి పార్టీ పరిశీలకుడు వచ్చాడు. నరేందర్ ఇంట్లోనే కూర్చున్నాడు. ఎదురుగా నరేందర్, లింగన్న. లింగన్న తన భార్య లావణ్య పేరు జేబులో పెట్టుకుని వచ్చాడు. పరిశీలకుడు ఫోను తీసి చూశాడు.

"వార్డుల ఫోన్ సర్వే జేయించినం. మీకు నచ్చిన మహిళా నాయకురాలు ఎవరు అని అడిగినం. జ్యోతి పేరు ఒక్కరు చెప్పలే. లావణ్య పేరు సుత చెప్పలే. అందరు ఒకటే పేరు చెప్పిండ్రు. ఎవరయ్యా ఈ వానకత్తి?"

నరేందర్‌కు దీక్షా శిబిరంలో వచ్చిన ఆ ఫోను గుర్తొచ్చింది. అది జ్యోతి నంబరుకు వచ్చింది. ఎత్తింది తను. చెవి సర్వే అనుకుని, ఉద్యమ క్రమశిక్షణ కొద్దీ, "వానకత్తి జిందాబాద్" అని చెప్పింది కూడా తనే.

"జనంల ఇంత పేరున్న మనిషిని నా ముంగటికి ఎందుకు తీసుకరాలే?" అని పరిశీలకుడు గద్దించాడు.

"సార్... ఆమె లేదు సార్."

"లేదంటే? దుబాయ్ పోయిందా?"

"పుస్తకంల మనిషి సార్. ఉత్త కథ."

 పరిశీలకుడు కాసేపు కళ్లు మూసుకున్నాడు. పార్టీలో ముప్పై ఏళ్ల అనుభవం ఊరికే పోదు.

"నరేందర్, మీ ఇంటామె గెలిస్తే కౌన్సిల్ మీటింగుకు ఎవరు పోతరు?"

"నేనే సార్."

"సంతకాలు?"

"నేనే సార్."

"మరి వానకత్తి గెలిస్తే?"

నరేందర్ ఆలోచించాడు. ఎంత ఆలోచించినా తేడా దొరకలేదు. "గప్పుడు సుత నేనే సార్."

"ఇంకేం మరి? వ్యతిరేకత లేదు. కేసుల్లేవు. రేపు పార్టీ మారేది లేదు. నామినేషన్ ఎట్ల ఏయాల్నో లాయర్లు జూసుకుంటరు" అన్నాడు పరిశీలకుడు. "ఒక్కటే సంగతి. మొగడున్నడా ఆమెకు? మొగడు లేని ఆడమనిషికి మహిళా సీటు ఎట్లిస్తం? రేపు పార్టీ ఎవరితోని మాట్లాడాలె?"

బీఫారం చేతి దూరంలో ఉంది. నవలలో ఆమెకు పెళ్లయిందో లేదో నరేందర్‌కు తెలియదు. నవల చదవనందుకు జీవితంలో మొదటిసారి బాధపడ్డాడు. "రెండు నిమిషాలు సార్" అని వంటింట్లోకి ఉరికి సింధూజకు ఫోను కొట్టాడు. జ్యోతి చాయ్ వడబోస్తోంది. నినాదాలు రికార్డు చేసీ చేసీ ఫోను పాడై, స్పీకర్ పెడితే తప్ప వినబడదు. పెట్టాడు.

"చెల్లె, వానకత్తికి మొగడున్నడా?"

"ఉండె అన్నా" అంది సింధూజ. చివరికి నాయకుడు పుస్తకంలోని సంగతి అడిగాడని ఆమె గొంతులో ఆనందం. "ఆమె గద్దె మీద ఆయన కూసొని, ఆమె పేరు మీద హుకుములిస్తుండె. మొదటి అధ్యాయంలనే నరికింది."

నరేందర్ "ఉండె" దగ్గరే ఆగిపోయాడు. ఫోను గ్యాస్ పొయ్యి పక్కన పెట్టేసి, అంగీ సర్దుకుంటూ ముందు గదిలోకి పోయాడు.

"ఉన్నడట సార్."

"ఎవరు?"

"నేనే సార్!"

లింగన్న కుర్చీ పడిపోయేలా లేచాడు. "అబద్ధం సార్! ఆమె మొగణ్ని నేను! రెండు చెవుల కోసం కొట్లాడింది నేను!"

ముందు గదిలో గొడవ పెరుగుతోంది. వంటింట్లో ఫోను ఇంకా కట్ కాలేదు. సింధూజ "హలో, అన్నా, హలో" అంటూనే ఉంది. జ్యోతి పొయ్యి ఆపి, కొంగుతో చేయి తుడుచుకుని ఫోను తీసుకుంది.

"నేను చెల్లె, జ్యోతిని. గా పుస్తకం ఉన్నదా నీ కాడ? ఓసారి ఇస్తవా?"