ఏడున్నర అడుగుల గ్యారేజీలో లిఫ్టు

మా వీధి చివరింట్లో కారు లిఫ్టు బిగింపు నిర్విఘ్నంగా పూర్తయిందనీ, ఇందువల్ల కుటుంబంలో ఎవరికీ ఎటువంటి అసౌకర్యమూ కలగలేదనీ ఆ ఇంటి అన్నగారు వీధి వాళ్ళందరికీ తెలియజేశారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన తమ్ముడు పక్కనే నడుం వంచి నిలబడి ఉన్నాడు. వినయం వల్ల వంగాడని అందరూ మెచ్చుకున్నారు. అసలు సంగతి నాకు తెలుసు. ఆ గ్యారేజీ గోడలో నీళ్ళ పైపులు మార్చింది నేనే. పని జరిగిన నాలుగు నెలలూ అక్కడే పడి ఉన్నాను. నేను చదివింది ఏడో తరగతి వరకే కాబట్టి కల్పించి చెప్పే తెలివి కూడా లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

అన్నగారు ఒక పెద్ద ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు ఫైళ్ళ మీద సంతకాలు పెట్టి, ఆ అలసట తీర్చుకుంటున్న మనిషి. తమ్ముడు మెకానిక్కు. పెళ్ళీ పెటాకులూ లేవు. ఇంటి కింద గ్యారేజీ, సరిగ్గా దాని పైన అతని గది. అన్నగారి కారూ, వీధిలో వాళ్ళ కార్లూ అతను ఆ గ్యారేజీలోనే బాగుచేసేవాడు. దాని కప్పు ఎత్తు ఏడున్నర అడుగులు. కారు కింద పనుంటే జాకీ పెట్టి లేపడం, గోనెపట్టా పరుచుకోవడం, వెల్లకిలా పడుకొని కిందికి దూరడం, అంతే. ఆ సిమెంటు నేల చలి ఇరవై రెండేళ్ళుగా నడుములోకి ఎక్కి ఎక్కి, ఒకరోజు అతను కారు కింద నుంచి బయటికి రాలేకపోయాడు. నలుగురం కలిసి కాళ్ళు పట్టుకొని లాగాం. డాక్టరు ఎక్స్‌రే తీయించి చూసి, "ఇంకో ఏడాది ఇలాగే పడుకొని పని చెయ్యి, ఆ తర్వాత పడుకోవడమే నీ పని" అన్నాడు.

తమ్ముడు అన్నగారి దగ్గరికి వెళ్ళి తన మనవి చెప్పుకున్నాడు.

"అన్నయ్యా, కత్తెర లిఫ్టని ఒకటుంటుంది. కారుని రెండున్నర అడుగులు లేపుతుంది. మన కప్పుకి సరిగ్గా సరిపోతుంది. నేనో స్టూలు వేసుక్కూర్చుని పని చేసుకుంటా."

ఇక్కడితో కథ అయిపోవాల్సింది. మీరూ నేనూ అయితే పోయి ఆ లిఫ్టు తెచ్చి పడేసేవాళ్ళం. కానీ చదువుకున్నవాళ్ళ ఇళ్ళలో తీరే సమస్యను అంత తేలిగ్గా తీరనివ్వరు. వెంటనే లిఫ్టు ఎంపిక సంఘం ఒకటి ఏర్పడింది. అన్నగారు అధ్యక్షులు. వదినగారు ఉపాధ్యక్షురాలు. అల్లుడు సాంకేతిక సలహాదారు. అల్లుడు చదివింది కంప్యూటర్లు. అయినా కంప్యూటరూ యంత్రమే, కారూ యంత్రమే, మామగారు పిలిచారు, ఇంకేం అడ్డం? తమ్ముడు ప్రత్యేక ఆహ్వానితుడు. అంటే సమావేశానికి కుర్చీలు వేసేవాడు, అయ్యాక తీసేవాడు. నడుము జాగ్రత్త అని ప్రతిసారీ అందరూ చెప్పేవాళ్ళు. కుర్చీ మాత్రం ఎవరూ పట్టేవాళ్ళు కాదు.

లిఫ్టులమ్మే అతను రంగురంగుల పుస్తకాలతో వచ్చాడు. కత్తెర లిఫ్టు మాట వినగానే అతని మొహం, పెళ్ళివారింటికి పాత చెప్పులతో వచ్చినవాణ్ణి చూసినట్టు అయిపోయింది.

"సార్, కత్తెర లిఫ్టు టైర్ల కొట్టు వాళ్ళు పెట్టుకుంటారు. మీలాంటి వాళ్ళు రెండు స్తంభాలది పెట్టాలి. మనిషి నిలబడేంత ఎత్తుకి లేస్తుంది. తలుపు తీసి ఉంచితే వీధి మొదట్లోంచే కనబడుతుంది, మీ కారు గాల్లో."

"వీధి మొదట్లోంచా?" అన్నారు వదినగారు. సాంకేతిక చర్చ దాదాపు అక్కడే ముగిసింది.

తమ్ముడు కుర్చీ వెనక నుంచి, "వదినా, కప్పు ఏడున్నరే" అన్నాడు.

అన్నగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అది ఉపన్యాసానికి ముందు గంట కొట్టడం లాంటిది. "చూడు నాయనా. సగం ఎత్తు లేపడమంటే సగం మనసుతో చేసినట్టు. నువ్వు నా తోడబుట్టినవాడివి. నీ నడుము విషయంలో నేను సగం పని చేసి చేతులు దులుపుకునే మనిషిని కాను. లేపితే పూర్తిగా లేపుతాను. లేదంటే లేపనే లేపను."

అందరి కళ్ళూ చెమర్చాయి. లిఫ్టులమ్మే అతనివి మరీనూ.

ఇక మిగిలింది కప్పు ఒక్కటే. దాని మీద మూడు సమావేశాలు జరిగాయి. నేలను తవ్వి కారును కిందికి దించుదామని అల్లుడు ప్రతిపాదించాడు. "ఇంట్లో గొయ్యా? మనిషిని పూడ్చడానికి తవ్వినట్టుంటుంది, నాకొద్దు బాబూ" అని వదినగారు కొట్టిపారేశారు. పోనీ కారునే పొట్టిది కొందామన్నాడు. పొట్టి కార్లోంచి దిగాలంటే తన మోకాళ్ళు ఒప్పుకోవన్నారావిడ. ఆవిడ మోకాళ్ళ అభ్యంతరాన్ని సంఘం ఏకగ్రీవంగా ఆమోదించింది. టైర్లలో గాలి తీసేస్తే నాలుగంగుళాలు కలిసొస్తుందని కూడా అల్లుడు కాగితం మీద లెక్క వేసి చూపించాడు. ఆ కాగితాన్ని రికార్డు కోసం భద్రపరిచారు.

చివరికి గ్యారేజీ కప్పునే పైకి జరపాలని తీర్మానించారు.

ఎంత జరపాలి? ఇక్కడ సంఘం చూపించిన శ్రద్ధకు చేతులెత్తి దండం పెట్టాలి. కారు ఎత్తు కొలిచారు. ఐదడుగులకు ఒక అంగుళం తక్కువ. తర్వాత తమ్ముణ్ణి పిలిచి, చెప్పులు విప్పించి, గోడకు ఆనించి, నెత్తి మీద స్కేలు పెట్టి పెన్సిలుతో గీత గీశారు. జుట్టు అణిచి ఒకసారి, అణచకుండా ఒకసారి. ఐదడుగుల తొమ్మిదంగుళాలు. అన్నగారు సంఘం రిజిస్టరు ఏడో పేజీలో స్వయంగా రాసుకున్నారు. తమ్ముడి వయసు అడిగితే ఆయన కాసేపు ఆలోచించి చెప్పేవారు, ఎత్తు మాత్రం ఆ రోజు నుంచీ అంగుళంతో సహా నోటికొచ్చు. కారూ మనిషీ కలిపితే పది అడుగుల ఎనిమిదంగుళాలు. కారు నెత్తిన కాస్త గాలి ఆడాలి కదా అని అల్లుడు ఇంకో పదంగుళాలు కలిపాడు. మొత్తం పదకొండున్నర. అంటే కప్పు నాలుగు అడుగులు పైకి పోవాలి.

మేస్త్రీ వచ్చి చూశాడు. అతను నాకంటే తక్కువ చదివాడు, అందుకే తిన్నగా అడిగేశాడు.

"అయ్యగారూ, ఈ కప్పే కదండీ పైగదికి నేల? పైగది తొమ్మిది అడుగులు. నాలుగు పోతే ఐదు. అక్కడ మనిషి ఉన్నాడు కదండీ?"

అన్నగారు రిజిస్టరు తెరిచి, పన్నెండో పేజీలో, పైగది ఎత్తు ఐదడుగులు అని రాసుకున్నారు. ఐదు పేజీలు వెనక్కి తిప్పితే ఐదడుగుల తొమ్మిదంగుళాలు కనిపించేది. కానీ ఆయన ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఏనాడూ వెనక పేజీకి తిప్పి ఎరగరు.

"వాడు పైకి వెళ్ళేది పడుకోవడానికేనయ్యా. పడుకోవడానికి ఎత్తెందుకు?"

"పడుకోవాలంటే ముందు లోపలికి నడవాలి కదన్నయ్యా" అన్నాడు తమ్ముడు.

"ఇదంతా ఎవరి కోసం చేస్తున్నాంరా?" అన్నారు అన్నగారు. కళ్ళజోడు మళ్ళీ చేతిలోకి వచ్చింది.

తమ్ముడు పక్కనున్న గోడకు ఆనుకున్నాడు. అంత ప్రేమను తట్టుకొని నిలబడడం నడుం బాగున్నవాడికే కష్టం.

ఆ ఇంట్లో ఇంకో గది లేదా అని మీరు అడుగుతారని తెలుసు. రెండున్నాయి. ఒకటి అతిథుల గది. తొమ్మిదేళ్ళుగా ఏ అతిథీ రాలేదు కాబట్టి, ఇక ఏ క్షణాన్నైనా రావచ్చు. రెండోదాంట్లో లిఫ్టు వచ్చిన పెట్టెలు పెట్టారు. వాటి మీద 'పైన బరువు పెట్టరాదు' అని రాసి ఉంది, జాగ్రత్తగా చూసుకోవాలి.

పాత కప్పు కొట్టేసి కొత్తది పోసిన ఆ నాలుగు నెలలూ తమ్ముడు ఆరుబయట నిలిపిన కారు వెనక సీట్లో ముడుచుకొని పడుకున్నాడు. ఇది మంచి ముందస్తు శిక్షణ అన్నాడు అల్లుడు. నేనొకసారి ఉండబట్టలేక, "గురూ, గట్టిగా ఒక మాట అనకూడదూ?" అన్నాను. "ఏమనను? నా నడుం కోసమే కదా అంటారు. నడుం నాది కాదని చెప్పనా?" అన్నాడు. మరి నేనేం చేశానంటారా? నా పైపులు నేను చూసుకున్నాను. నీళ్ళు ఎక్కడా కారలేదు. మంచి పనివాడినని నాకు పేరొచ్చింది.

గది సిద్ధమైంది. మెట్లు పాత ఎత్తులోనే ఉన్నాయి, నేల మాత్రం నాలుగు అడుగులు పైకి పోయింది. కాబట్టి మెట్లెక్కి వెళ్తే గది నేల ఛాతీ దగ్గర మొదలవుతుంది. ఏడడుగుల తలుపులో కింది నాలుగు అడుగులూ గోడ కట్టేయగా, మూడడుగుల సందు మిగిలింది. ఆ సందులోకి ఎక్కడానికి ఒక స్టూలు వేశారు. మొత్తానికి అతను అడిగిన స్టూలు అతనికి దక్కింది. ఫ్యానుంటే మెడకు తగులుతుందని తీసేశారు. దానివల్ల కరెంటు ఆదా. కిటికీ ఇప్పుడు నేల మీదే మొదలవుతుంది కాబట్టి, పడుకొనే వీధంతా చూడొచ్చు. ఇంత సదుపాయం మీ ఇంట్లో ఉందా? గదిలో అటూ ఇటూ తిరగాలంటే వంగి తిరగాలి, లేదా మోకాళ్ళ మీద. నిలబడడానికి తొమ్మిదంగుళాలు తక్కువ పడింది. కారు నెత్తిన గాలి ఆడడానికి వదిలింది పదంగుళాలు.

ప్రారంభోత్సవానికి వీధంతా వచ్చింది. వదినగారు మీట నొక్కారు. లిఫ్టు గర్జిస్తుంటే కారు పైకి లేచి, మనిషెత్తున ఆగింది. దాని నెత్తిన గాలి బ్రహ్మాండంగా ఆడింది. తమ్ముడు కిందికి వెళ్ళి నిలబడ్డాడు. మెల్లగా, ఒక్కో ఎముకనూ అడిగి ఒప్పిస్తున్నట్టు నడుము సాచాడు. ఇరవై రెండేళ్ళలో కారు కింద నిటారుగా నిలబడడం అతనికి అదే మొదటిసారి. మొహంలో ఏదో వెలుగు లాంటిది వచ్చింది, అబద్ధం ఎందుకాడాలి.

అన్నగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "సోదర సోదరీమణులారా! ఇవాళ ఈ గ్యారేజీలో లేచింది కారు కాదు, మా తమ్ముడు. మనిషి తలెత్తుకు బతకాలన్నదే నా ఆశయం. ఆ తల ఎత్తుకు కావలసిన స్థలాన్ని నేను అంగుళాలతో సహా కొలిచి ఇచ్చాను." చప్పట్లు మారుమోగాయి. అందరూ తలలెత్తి చూశారు, కారు వైపు.

మూడు నెలలకు తమ్ముడి నడుము పూర్తిగా పట్టేసింది. డాక్టరుకు అయోమయంగా ఉంది.

"కింద పడుకొని పని చేస్తున్నావా ఇంకా?"

"లేదండీ. పని నిలబడే చేస్తున్నా. ఇంటికెళ్తేనే వంగుతున్నా."

డాక్టరు చీటీ రాశాడు: పని ఎక్కువ చేయవలెను, విశ్రాంతి తగ్గించవలెను. అన్నగారు ఆ చీటీని అద్దం కట్టించి గ్యారేజీలో లిఫ్టు స్తంభానికి తగిలించారు. అప్పటినుంచి తమ్ముడు పని ఉన్నా లేకపోయినా కారును పైకి లేపి, దాని కింద నిలబడి ఉంటాడు. భోజనం అక్కడే, నిలబడి. ఆ ఇంట్లో అతనికి వదిలిన చోట్లలో అతను నిటారుగా ఉండగలిగేది అదొక్కటే. దారిన పోయేవాళ్ళు చూసి, ఎంత కష్టజీవో అనుకుంటారు. అల్లుడైతే, "చూశారా మావయ్యా, లిఫ్టు వాడకం నూటికి నూరు శాతం" అని లెక్క కట్టాడు.

ఇప్పుడు మా వీధిలో లిఫ్టులు కావాలన్నవాళ్ళు పదకొండు మంది. ఎవరి గ్యారేజీ కప్పూ ఎనిమిది అడుగులు దాటదు. కత్తెర లిఫ్టు పేరెత్తినవాళ్ళు ఒక్కరూ లేరు. లిఫ్టులమ్మే అతను కూడా ఆరితేరాడు. వెనకటిలా టేపు తీసి కొలవడం, స్తంభాల గురించి వర్ణించడం మానేశాడు. కుర్చీలో కూర్చోగానే ఒకటే ప్రశ్న అడుగుతున్నాడు.

"పైగదిలో ఎవరుంటారండీ?"

ఒకరు మా తమ్ముడన్నారు. ఒకరు మా అత్తయ్య, ఎక్కువగా బయటికి రాదన్నారు. ఇంకొకరు, మా ఇంట్లో పనిచేసే ఆవిడ, చాలా మంచిది అన్నారు.

"అయితే ఎత్తు సమస్యే లేదు" అని అతను పుస్తకం తెరుస్తున్నాడు.

రేపో మాపో మీ వీధికీ వస్తాడు. ఆ ప్రశ్నకు జవాబు ముందే చూసి పెట్టుకోండి. అలాంటివాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరే అనిపిస్తే ఒక్కసారి మెల్లగా లేచి నిలబడి చూడండి. తల దేనికైనా తగిలితే, ఆ గదిలో ఉన్నది మీరే.